యాభైలో కిక్కుకి ఎన్ని మార్కులు?

మా మిర్యాలగూడలో బీరు గురించి అడిగే ప్రశ్న ఒక్కటే: "కూలింగ్ ఉందా?" సాయంత్రం పూట ఏ వైన్స్ కౌంటరు ముందైనా కాసేపు నిలబడి వినండి. బ్రాండు పేరు, వెంటనే ఈ ప్రశ్న. దేనితో కాచారు, ఎప్పుడు సీసాకెత్తారు, చేదెంత, వాసన ఎట్లా ఉంటుంది అని అడిగిన మనిషిని నేను చూడలేదు. తప్పు పట్టడానికీ లేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే ఊరు. సాగర్ ఎడమ కాలువ వచ్చి చుట్టూ పొలాలు పచ్చబడ్డాయి గానీ ఎండ పదును తగ్గలేదు. పొద్దంతా బస్తాలు మోసిన హమాలీకి సీసా చల్లగా ఉండటమే మొదటి గుణం, ఆఖరి గుణం. రెండో ప్రశ్న అంటూ పడితే అది "స్ట్రాంగా, లైటా?" ఆ జవాబు కోసం కౌంటరులో కుర్రాడు ఆగడు. స్ట్రాంగే తీసి పెడతాడు.

ఇదే ఊరు బియ్యం దగ్గరికొచ్చేసరికి మరో మనిషైపోతుంది. వందకు పైగా రైస్ మిల్లులున్న చోటు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడుకుతున్న వాసనను బట్టి, రైల్లో కళ్లు మూసుకుని కూర్చున్నవాడు కూడా మిర్యాలగూడ వచ్చిందని లేస్తాడు. నా ఉద్యోగమంతా మిల్లు గుమాస్తాగిరీలోనే గడిచింది. బస్తాకి ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజల్ని అరచేతిలో పోసుకుని, రెండు చేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఒక గింజను పంటి కింద పెట్టేవాళ్లం. కటుక్కుమని విరిగితే ఆరినట్టు. మెత్తగా నలిగితే తేమ. సర్కారు లెక్క ప్రకారం వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. తేమ మీటర్లు వచ్చాక కూడా మా పెద్ద గుమాస్తా ముందు గింజ కొరికేవాడు, తర్వాతే మీటరు వంక చూసేవాడు. రెండూ కలవకపోతే మీటరును అనుమానించేవాడు.

బియ్యం సంగతి ఇంకా కఠినం. నూక ఎంత, రంగు మారిన గింజలెన్ని, కడుపులో తెల్లమచ్చ ఉన్నవెన్ని, పాతవా కొత్తవా. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం ఇచ్చిన బీపీటీ 5204ను, అంటే సాంబ మసూరిని, అన్నం ఉడికిన వాసనతోనే పసిగట్టే ఇల్లాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అంటే నాలుక లేని ఊరు కాదు మాది. గ్లాసు దగ్గర మాత్రం ఆ నాలుకకి సెలవు.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. సెలవుకి వచ్చినప్పుడు పెట్టెలో బట్టల మధ్య చుట్టి సీసాలు తెచ్చాడు. ఓల్డ్ రాస్పుటిన్ అని, అక్కడి ఫోర్ట్ బ్రాగ్ అనే ఊళ్లో నార్త్ కోస్ట్ బ్రూయింగ్ వాళ్లు చేసే నల్ల బీరు. ఇంపీరియల్ స్టౌట్ అంటారు ఆ జాతిని. మద్యం 9 శాతం, చేదు కొలత 75. మన లైటు బీరు చేదు 20 అటూఇటూ ఉంటుందనుకుంటే తేడా అర్థమవుతుంది. సీసా అట్ట మీద గడ్డం రాస్పుటిన్ ఉన్నాడు. ఈ బీరు రష్యా రాజదరబారుకి వెళ్లిన కాలానికి ఆయన తాత కూడా పుట్టి ఉండడు, అది తర్వాత చెప్తాను.

నేను అలవాటు కొద్దీ సీసాను ఫ్రీజరులో పెట్టబోతే వాడు చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, దీన్ని అంత చల్లగ తాగరు. పన్నెండు, పదమూడు డిగ్రీలు ఉంటే చాలు. జర సేపు బయట పెట్టు."

"మనింట్ల జర సేపు బయట పెడితే చాయ్ అయితదిరా," అన్నాను.

కారణం చెప్పాడు, కాదనడానికి లేకపోయింది. ద్రవం మరీ చల్లగా ఉంటే వాసన మోసే ఆవిర్లు పైకి లేవవు. నాలుక కూడా మొద్దుబారుతుంది, తీపి సరిగ్గా అందదు. రుచిలో పెద్ద వాటా ముక్కుదే కాబట్టి, ముక్కు మూతబడితే మిగిలేది చలువా, బుడగలూ. నిజం చెప్పాలంటే మన బీరుకి అది కలిసొచ్చే సంగతి. కూలింగ్ అడగటంలో మన జనానికి తెలియకుండానే ఒక తెలివి ఉంది. కాస్త వెచ్చబడితే ఆ సీసాలో సగం తాగలేం.

ఆ తర్వాత వాడు ఒక కాగితం తీశాడు. వాడికి బీరు నిర్ణేతగా ఉండటం సరదా. అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే సంస్థ పరీక్షలు పెట్టి నిర్ణేతల్ని తయారు చేస్తుంది. వాళ్ల మార్కుల కాగితం అది. మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, అన్నీ కలిపి చూస్తే ఎట్లా ఉందో దానికి 10. నేను కూడిక రెండుసార్లు చేసి చూశాను, గుమాస్తా బుద్ధి. సరిపోయింది. కిక్కుకి గడి లేదు. ఎంత ఎక్కింది, ఎంతసేపు నిలిచింది, పొద్దున తలనొప్పి ఉందా లేదా, ఒక్క మార్కూ లేదు.

పొడుగు గ్లాసు వద్దన్నాడు, పొట్ట లావుగా ఉన్న చిన్న గ్లాసులో మూడో వంతు పోశాడు. ట్యూబులైటు ఎదురుగా పెట్టి చూస్తే నలుపే, అంచున గ్లాసు పలచబడిన చోట మాత్రం సన్నటి ఎరుపు. నురగ తెల్లగా లేదు, కాఫీ పాల రంగు. అది దిగేకొద్దీ గ్లాసు గోడకి చారలు అంటించుకుంటూ దిగింది. ఈ మొత్తానికి మూడే మార్కులంటే నాకు నచ్చింది. రంగు చూసి బియ్యం కొన్నవాడి గతి ఏమవుతుందో మిల్లులో చూసినవాణ్ణి.

వాసన చూడటం మాత్రం నేర్చుకోవాల్సిన పనే. నురగ చల్లారకముందే చిన్నచిన్న పీల్పులు, మధ్యలో ఆగి మామూలు గాలి. మొదటి పీల్పులో కాఫీ డికాషన్. అది అందరికీ దొరుకుతుంది. రెండోసారి అడుగంటిన బెల్లం పాకం. ఆగి మళ్లీ చూస్తే ఎండు పండు వాసన ఒకటి, కాఫీ వెనక నక్కి ఉంది. వాడు ప్రూన్ అని రాసుకున్నాడు, నేను ఖర్జూరం అని రాశాను. నాకు ప్రూన్ ఎట్లా తెలుస్తుంది? వాళ్ల నియమావళిలోనూ నల్ల పండ్ల వాసన, ఎండు ద్రాక్ష, ప్రూన్ అని ఉంటుందట. ఏ వంటింట్లో పెరిగిన ముక్కు ఆ వంటింటి పేర్లే చెబుతుంది, నిర్ణేతలు దాన్ని తప్పనరు. పండ్లేవీ వెయ్యకపోయినా ఆ వాసన ఎక్కడిదంటే, మాల్టులో మాడిన చక్కెరలది కొంత, పులియబెట్టే ఈస్టు పుట్టించే పదార్థాలది కొంత.

ఇక గుక్క. మొదట తీపి వచ్చింది, నేను ఊహించనంత తీపి. దాని మీద మాడు చేదు. మింగబోయే వేళకి ఇంకో చేదు, ఇది ఆకు చేదు, హాప్స్ అనే పూలది. చేదంటే ఒక్కటే అనుకునేవాణ్ణి. రెండూ పక్కపక్కన నిలబడితే తేడా తెలిసింది: మాడు చేదు పొడిగా, కొంచెం పులుపుతో వచ్చి నాలుకని ఆరబెడుతుంది, పూల చేదు మింగాక కూడా కదలదు. మింగిన తర్వాత ఛాతీలో మెల్లగా వేడి. మద్యం ఆ వేడిగానే తెలియాలి గానీ ముక్కులోకి స్పిరిటులా కొట్టకూడదు, కొడితే మార్కులు పోతాయి. నోట్లో చిక్కదనం ఉంది, జిగట లేదు.

ఈ చిక్కదనం మా ఊరికి సంబంధించిన సంగతి కూడా. మన దేశంలో చేసే చాలా లాగర్ బీర్లలో బార్లీ మాల్టుతో పాటు బియ్యం కలుస్తుంది. మిల్లు నూకలు పోయే దారుల్లో సారా బట్టీలూ, బీరు కంపెనీలూ ఉన్నాయని మా వ్యాపారం ఎరిగినవాళ్లందరికీ తెలుసు. బియ్యం కలిపితే బీరు పలచనవుతుంది, రంగు తేలుతుంది, ధర కూడా దిగుతుంది. స్టౌట్ దీనికి పూర్తిగా ఎదురుదారి. వేయించిన బార్లీ, మాడ్చిన మాల్టు, అదీ ఒక గ్లాసుకి కావలసిన దానికంటే బాగా ఎక్కువ. నూకలమ్మి బతికిన ఊరివాడికి నూక లేని బీరు కొత్తగా ఉండటం సహజం.

నిర్ణేత పనిలో సగం తప్పులు వెతకటమే. తడి అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలిందని, వెన్న వాసన వస్తే పులియటం సరిగ్గా ముగియలేదని, ముక్కు ముడుచుకునే ఘాటైన కంపు వస్తే సీసాకి వెలుతురు తగిలిందని. సీసాలు గోధుమరంగులో ఉండేది అందుకే. ఇవేవీ లేవని తేలాకే మెప్పు. ఈ పద్ధతి నాకు బాగా తెలుసు. ఏ మిల్లు గుమాస్తా కూడా బస్తా ముందు నిలబడి బియ్యాన్ని పొగడడు. వంక దొరక్కపోతే ఊరుకుంటాడు, అదే సర్టిఫికెట్టు.

రెండో సీసాను వాడు తెరవనివ్వలేదు. ఇలాంటి గట్టి బీరు పాత బియ్యం లాంటిదట, ఏడాది రెండేళ్లు చీకట్లో ఉంటే పొగరు దిగి రుచి కుదురుతుంది. పూల చేదు తగ్గుతుంది, ఎండు పండ్ల రుచి పైకొస్తుంది. సముద్రంలో మునిగి నిలిచినవీ ఉన్నాయి. లె కాక్ అనే వర్తకుడి పేరుతో లండన్ బీరు బాల్టిక్ సముద్రం మీదుగా వెళ్లేది. 1869లో ఓలివా అనే ఓడ ఆ సీసాలతో మునిగింది. 1974లో గజ ఈతగాళ్లు కొన్నిటిని పైకి తెచ్చారు. రాస్పుటిన్ పుట్టింది కూడా 1869లోనే. సీసా మీద బొమ్మ వేసినవాళ్లకి ఈ లెక్క తెలుసో లేదో.

ఈ బీరు పుట్టింది లండన్ నగరంలో, థేమ్స్ ఒడ్డున సదక్ పేటలో. హెన్రీ త్రేల్ అనే ఆయనకి అక్కడ యాంకర్ బ్రూవరీ ఉండేది. 1781లో ఆయన పోతే, ఆస్తి వ్యవహారాలు చూసే బాధ్యత పడినవాళ్లలో ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ ఒకడు. బ్రూవరీని 1,35,000 పౌండ్లకి అమ్మారు. కొన్నవాళ్లు బార్క్లే, పెర్కిన్స్ అనే పేరుతో నడిపారు. అక్కడి గట్టి నల్ల బీరు రష్యా మహారాణి క్యాథరిన్ దరబారుకి వెళ్లేదని ఫారింగ్టన్ అనే చిత్రకారుడు 1796లో తన డైరీలో రాసుకున్నాడు. 'ఇంపీరియల్' అన్న తోక అక్కడిది. మంచు దేశానికి వెళ్లేలోపు గడ్డకట్టకుండా ఇంత గట్టిగా చేశారని ఒక కథ తిరుగుతుంది. నాకు నమ్మకం లేదు. పది శాతం మద్యం ఉన్న బీరు సున్నాకి నాలుగైదు డిగ్రీలు దిగితే గడ్డకడుతుంది. రష్యా చలికి అదేం అడ్డం? పైగా సముద్రమే గడ్డకట్టే రోజుల్లో ఓడలెట్లా వెళ్తాయి? తాగేవాళ్లు గట్టిది కోరారు, వీళ్లు చేశారు, అంతే అయివుంటుంది.

నన్ను నిలబెట్టిన సంగతి ఇది కాదు. అదే లండన్ నగరంలో ఈ నల్ల బీరుకి అన్న వరసైన పోర్టరులో జరిగిన కల్తీ.

1780ల్లో బీరు రసంలో చక్కెర ఎంతుందో కొలిచే పరికరం వాడకంలోకి వచ్చింది. దాంతో బ్రూవర్లకి ఒక నిజం తెలిసింది. అప్పటిదాకా నల్లరంగు కోసం వాడుతున్న గోధుమరంగు మాల్టు కంటే, లేతరంగు మాల్టు నుంచి చక్కెర ఎక్కువ వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. మారిపోయారు. కానీ జనం నల్ల బీరు అలవాటు పడ్డారు కదా. రంగు కోసం మాడిన చక్కెర కలిపారు. నీళ్లు కలిపి పలచన చేసిన దానికి ఘాటు కోసం ఇంకేవో కలిపారు. ఆ 'ఇంకేవో'లో ఒకటి మన దేశం నుంచి ఓడెక్కి వెళ్లిన కాకమారి కాయ. మలబారు వైపు చెరువుల్లో చేపల్ని మత్తుగొలిపి పట్టటానికి వాడే విషపు కాయ అది. లండన్ జనం దాన్ని పోర్టరులో తాగారు. తల తిరిగేది, బీరు గట్టిగా ఉందనుకునేవాళ్లు. 1816లో పార్లమెంటు చట్టం చేసి మాల్టు, హాప్స్ తప్ప ఏదీ కలపకూడదంది. మరుసటేడు డేనియల్ వీలర్ అనే ఆయన మాల్టును కాఫీ గింజల్లా డ్రమ్ములో నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కొంచెం వేస్తే చాలు, బీరంతా నల్లబడుతుంది, కల్తీ అక్కర్లేదు. నా గ్లాసులోని నలుపు అట్లా వచ్చింది. అయినా కాకమారి ఆగలేదు. ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1820లో ఆహార కల్తీల మీద పుస్తకం వేసి, దీన్నీ బయటపెట్టాడు.

కిక్కుని బట్టి సరుకును తూచే చోట కల్తీదారుకి పని సులువు. వాడు నాలుకని మెప్పించక్కర్లేదు, తలని తిప్పితే చాలు. తలని తిప్పే పదార్థం మందుల దుకాణంలో చవగ్గా దొరుకుతుంది.

మన కల్లు కథ వేరేనా? ఈతచెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్లు తగ్గలేదు. పట్నాల్లో దుకాణాలకి చెట్టు లేకుండానే కల్లు రావాలి. చక్కెర నీళ్లు, శాక్రిన్, దాని మీద ఒకప్పుడు క్లోరల్ హైడ్రేటు, తర్వాత డయజిపాం, ఇప్పుడు అల్ప్రాజోలాం. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు సర్కారు కల్తీని గట్టిగా అడ్డుకుంటే, మత్తుమందుకి అలవాటుపడిన ఒళ్లు ఒక్కసారి అది దొరక్క, జనం వింతవింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులే చనిపోయారు. ఇందులో నన్ను ఎక్కువ బాధించే ముక్క ఒకటుంది. ఆ అలవాటు పడ్డవాళ్లకి అసలైన చెట్టుకల్లు ఇస్తే "ఇది ఎక్కతలేదు" అని పక్కన పెడతారు. నాలుక ఉన్నదెందుకో మర్చిపోయిన మనిషికి మంచి సరుకే నాసిరకం.

సారా సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్యాకెట్టు మూల పంటితో కొరికి, ముక్కు మూసుకుని గొంతులో ఒంపుకునేవాళ్లు. దాన్ని రుచి చూడాలని ఎవడూ అనుకోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. కాపురాలు కూలుతున్న ఆ రోజుల్లో ఆ తల్లుల ముందు నిలబడి బీరులో ఖర్జూరం వాసన గురించి మాట్లాడితే చీపురు తిరగేసేవాళ్లు, అదే న్యాయం. నేను మాట్లాడుతున్నది వాళ్ల మీద కాదు. ఆ తర్వాత వచ్చిన పాలన మీద, మన మీద. నిజాం కాలం నుంచి అబ్కారీ అంటే ఆదాయం. చెట్టుకింత, దుకాణానికింత, ఇప్పుడు సీసాకింత. నిషేధం కోరేవాళ్లదీ లెక్కే, అమ్మకం పెంచేవాళ్లదీ లెక్కే. లోపల ఏముందన్న ప్రశ్న మనుషులు పోయాక ప్రయోగశాలకి వెళ్తుంది.

మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఆ ప్రశ్న చెట్టుకిందే తేలేది. మా నాయన తరం వాళ్లు తాటాకు రేకలో కల్లు పోయించుకుని, నురగ ఊది, ఒక గుక్క నోట్లో ఆపి, "ఏ చెట్టుదే గౌడన్నా?" అనేవాళ్లు. పోతుతాడుదా, పండుతాడుదా, పొద్దున దింపిందా, నిన్నటి మాపటిదా, కుండ సరిగ్గా కడిగారా లేదా అన్నీ ఆ గుక్కలో తెలిసేవి. చెట్టు నుంచి కారుతున్నప్పుడే కుండలోని ఈస్టు పని మొదలెడుతుంది. గంటలు గడిచేకొద్దీ తీపి తరిగి మద్యం పెరుగుతుంది, ఇంకా ఆలస్యమైతే పులుపెక్కి వెనిగరు దారి పడుతుంది. లొట్టిలో సున్నం పూస్తే పులియదు, అది నీరా. ఇంత త్వరగా మారిపోయే సరుకు కాబట్టి, పూటపూటకీ నిర్ణయించక తప్పదు. గౌడు కూడా ఆ గుక్కకి భయపడేవాడు. మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కి దిగిన మనిషి, తన పేరు ఆ గుక్క మీద ఆధారపడి ఉందని ఎరుగును. ఏ ఇన్‌స్పెక్టరూ అంత నికరంగా పరీక్షించలేదు.

స్టౌట్‌కి నేను 38 వేశాను, అల్లుడు 43. చర్చంతా ఆఖరి పది మార్కుల దగ్గర నడిచింది. రెండో గ్లాసు అడగాలనిపించాలి అన్నది నా వాదన. ఇంత బరువైన బీరు రెండో గ్లాసు అడిగించకూడదన్నది వాడి వాదన. అదీ ఆలోచించదగ్గదే.

వాడు తిరిగి వెళ్లేలోపు ఒక పొద్దున దామరచర్ల దారిలో తెలిసిన గౌడు దగ్గరికి తీసుకెళ్లాను, కాగితం వెంటబెట్టుకుని. నురగకి, తెలుపుకి 3కి 3. వాసన చూసి వాడు చాలాసేపు ఏదో వెతుక్కున్నాడు, చివరికి "పచ్చి తాటిముంజ" అని రాశాడు, 12కి 9. రుచి దగ్గర తీపి, సన్నటి పులుపు, గంధకం లాంటి ఒక చిన్న కంపు. ఆ కంపు తప్పా, గుణమా అని నన్నడిగాడు. నేను గౌడు వంక చూశాను. ఆయన కాగితం వంక చూసి, "గిండ్ల ఏ చెట్టో రాసేది యాడుంది?" అన్నాడు.

లేదు. జేబులోంచి పెన్ను తీసి అడుగున ఒక గీత గీసి, 'చెట్టు: 5' అని రాశాను. అల్లుడు కూడి, "మామా, మొత్తం 55 అయితది, చెల్లదు," అన్నాడు. మరి చూపుకిచ్చిన మూడూ కొట్టెయ్యమన్నాను, ఇంకో రెండు ఎక్కడ తగ్గించాలో వాడే చూసుకోవాలి.